దేవుడి గదిలో సర్వరు

మా ఇన్‌స్టిట్యూట్‌లో ఏసీ ఉన్న గది ఒక్కటే. అందులో మనుషులు ఉండేవారు కాదు. కొందరు దేవుళ్లూ, ఒక కంప్యూటరూ కాపురం ఉండేవారు.

ఎనభయ్యో దశకం చివర్లో సంగతి. అమలాపురంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నేను ల్యాబ్ అసిస్టెంటుని. ఇన్‌స్టిట్యూట్ అంటే డైరెక్టరుగారి ఇంటి మేడ. డైరెక్టరుగారంటే అంతకు ముందు వరకూ కొబ్బరికాయల షావుకారుగారు. కింద వాకిట్లో కాయలు రాశులు పోసి ఉండేవి, పైన కుర్రాళ్లు కీబోర్డులు కొడుతూ ఉండేవారు. కాయ ముదురో లేతో వేలితో మీటి చెప్పే అలవాటు ఆయనకి పోలేదు. కొత్త కంప్యూటరు దిగినప్పుడు కూడా డబ్బా మీద మీటి చూసి, "ముదురేనండి" అన్నారు.

ల్యాబ్‌లో ఆరు కంప్యూటర్లు. వాటిలో ఏమీ దాచుకోవడానికి వీల్లేదు. పాఠాలు, ప్రోగ్రాములు, పిల్లలు రాసుకున్న ఫైళ్లు అన్నీ ఏడోదాంట్లో ఉండేవి. దాన్ని సర్వరు అనేవాళ్లం. సర్వరు నుంచి ఒక నల్లటి వైరు బయలుదేరి, గోడ కన్నంలోంచి ల్యాబ్‌లోకి వచ్చి, ఒక్కో కంప్యూటరునీ పలకరించుకుంటూ చివరిదాకా పోయేది. ఆ వైరుకి రెండు కొసల్లోనూ చిటికెనవేలి చివరంత లోహపు మూతలు ఉండాలి. మూత లేకపోయినా, ఉన్న మూత చెడినా, పంపిన మాట కొసదాకా పోయి వెనక్కి తిరిగొచ్చి, ఎదురొచ్చే మాటని గుద్దేస్తుంది. అప్పుడు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. డైరెక్టరుగారి ఇంట్లో అందరూ కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు రోజూ జరిగేది అదే గనక, ఈ పాఠం నాకు తొందరగానే అర్థమైంది.

సర్వరుకి చల్లదనం కావాలి, దుమ్ము పడకూడదు అని చెప్పాడు దాన్ని బిగించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు. మేడ మీద దుమ్ము చేరని గది దేవుడి గది ఒక్కటే. డైరెక్టరుగారి భార్యని మేమంతా అమ్మగారు అనేవాళ్లం. ఆవిడ ఒక పూటంతా ఆలోచించి ఒప్పుకున్నారు. "దేవుళ్లకి కూడా చల్లగా ఉంటుంది లెండి. వేసవిలో పాపం ఉడికిపోతున్నారు" అన్నారు. అలా సర్వరు ఒక పీట ఎక్కి పటాల పక్కన కూర్చుంది. రోజూ పొద్దున్నే దీపం, శుక్రవారం సాంబ్రాణి.

ఇక మా ఇన్‌చార్జి మేడమ్‌గారు. రోజూ ముక్తేశ్వరం నుంచి బస్సులో వచ్చేవారు. తండ్రి ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. హైదరాబాదులో మిషను హాస్టల్లో ఉండి ఈ విద్య నేర్చుకొచ్చిన మనిషి. వయసులో నాకంటే నాలుగేళ్లు పెద్ద. తెలివిలో ఎంత పెద్దో కొలిచే సాధనం మా ల్యాబ్‌లో లేదు. ల్యాబ్‌లో ప్రతి అంగుళం వైరూ ఆవిడ బిగించిందే, గోడ కన్నం దాకా. కన్నం అవతల ఏముందో ఆవిడ చూడలేదు.

వెళ్లొద్దని ఎవరూ అనలేదు. మా వైపు మనుషుల్ని అలా మొహాన అనరు. ఆవిడ ఆ గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి అమ్మగారు కాఫీ గ్లాసుతో ప్రత్యక్షమయ్యేవారు. "మీకెందుకమ్మా శ్రమ. ఆ చల్లగాలి పడదు మీకు. కుర్రాణ్ణి పంపుదాం." ఆ గ్లాసు అడుగున ఎర్ర రంగుతో చిన్న చుక్క పెట్టి ఉండేది, కడిగేటప్పుడు మిగతా గ్లాసుల్లో కలిసిపోకుండా. నా గ్లాసుకి చుక్క లేదు; కాకపోతే నాది నేనే కడుక్కోవాలి. మాది ఉప్పలగుప్తం వైపు, పడవలవాళ్లం. మా కులం ఆ గడప దాటేటంత ఎత్తుదే గానీ పటాలు ముట్టుకునేటంత ఎత్తుది కాదు. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి, సర్వరు పని చూసుకుని, గోడలకి తగలకుండా బయటికి రావాలి.

అలా ఆవిడ గుమ్మం ఇవతల నిలబడి చెప్పేవారు, నేను లోపల చేసేవాణ్ణి. బుర్ర ఆవిడది, చేతులు నావి, మధ్యలో పసుపు రాసిన గడప.

డైరెక్టరుగారికి ఆవిడంటే అభిమానమే. కొత్త బ్యాచి చేరినప్పుడల్లా పిల్లల ముందు, "వీరి తాతగారు మా తోటల్లో కొబ్బరి దింపు తీసేవారు. చెట్టెక్కితే గెల పడ్డ చప్పుడే గానీ మనిషి చప్పుడు ఉండేది కాదు" అని మెచ్చుకునేవారు. కంప్యూటర్ పాఠానికి ఇది ముందుమాట. ఆవిడ "ఆయ్" అని పాఠం మొదలుపెట్టేవారు.

ఆవిడ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మాది హైదరాబాదు కంపెనీకి బ్రాంచి. ఆ హెడ్డాఫీసు మనిషి వచ్చి చూసి బాగుందంటే ఇన్‌చార్జిగా ఖాయం చేస్తారు, లేకపోతే ఇంటికే. దసరా మర్నాడు ఆ ఇన్‌స్పెక్షను. ఈలోగా బజార్లో ఆవిడ తండ్రి కనపడితే డైరెక్టరుగారు, "అయిపోయినట్టేనండి మేష్టారూ" అనేశారు. ఆయన ఆ మాట పట్టుకుని, పండగ వెళ్లాక వచ్చే ఆదివారం ఇంటి దగ్గర కృతజ్ఞత కూటం పెట్టి పాస్టరుగారినీ, సంఘాన్నీ భోజనానికి పిలిచేశారు.

"ఇంకా ఖాయం కాలేదు నాన్నగారూ అంటే, నీకు విశ్వాసం లేదా అంటున్నారండి" అన్నారు మేడమ్‌గారు నాతో.

"విశ్వాసంతో సరిపోదండి. వోల్టేజీ కూడా ఉండాలి" అన్నాను.

మహానవమి నాడు ఆ ఇంట్లో ఆయుధపూజ. కింద కాయలు వలిచే గునపాలు, కాటా, స్కూటరు, మేడమెట్ల పక్కన నీళ్ల మోటారు, పైన సర్వరు, అన్నిటికీ బొట్లు పెట్టారు. ఇన్‌స్పెక్షనుకి చూపించాల్సిన ప్రోగ్రాములు ఇంకోసారి నడిపి చూసుకుందామని పిల్లలు పండగ పూట కూడా వచ్చారు. కంప్యూటర్లు వేశారు. ఆరు తెరల మీదా ఒకటే ముక్క వచ్చింది: సర్వరు దొరకలేదు.

మళ్లీ ఆపి వేశారు. మళ్లీ అదే.

డైరెక్టరుగారు పట్టుపంచెతో పైకొచ్చి, సంగతి విని, కుర్చీలో కూలబడ్డారు. "కొంప మునిగిపోయిందండి."

"మనం మేడ మీదున్నాం కదండీ. ఇక్కడిదాకా రావడానికి టైము పడుతుంది" అన్నాను.

ఆయన వెనకే అల్లుడుగారు వచ్చారు. ఈయన బీకాం. ఒక పండక్కి అత్తారింటికొచ్చి, ఆ పండగ ఎప్పటికీ అయిపోకపోవడం వల్ల ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఇన్‌చార్జి కుర్చీలో ఎవరూ లేనప్పుడు కూర్చుని అటూ ఇటూ తిరిగి చూసుకునేవారు. "ఎవరో ముట్టుకుని ఉంటారండి" అన్నారు గాల్లోకి చూస్తూ. గాల్లో బయలుదేరిన చూపు మేడమ్‌గారి మీద వచ్చి వాలింది.

ఆవిడ ఆ చూపు పట్టించుకోలేదు. ముందు కరెంటు చూశారు, స్టెబిలైజరు చూశారు. ఎలకలేమైనా కొరికాయేమోనని వైరు పొడుగునా చెయ్యి పెట్టి తడిమారు. నన్ను ఎదురుగా ఉన్న రేడియో రిపేరు షాపుకి పంపి మీటరు అడిగి తెప్పించారు. వైరుని ముక్కముక్కగా విప్పి ఒక్కో ముక్కకీ మీటరు పెట్టారు. మీటరు ముల్లు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతూ వచ్చింది. చివరికి గోడ కన్నంలోకి పోయే ముక్క పట్టుకుని పెడితే ముల్లు ఒక్కసారిగా కొసకి పోయి కూర్చుంది.

"మన వైపు ఏమీ లేదండి. తప్పు ఆ గదిలో ఉంది" అన్నారు.

"దేవుడి గదిలో తప్పేంటమ్మా" అన్నారు డైరెక్టరుగారు, కొంచెం నొచ్చుకుంటూ.

"నేనొకసారి లోపలికెళ్లి చూస్తానండి."

ఆవిడ ఆ మాట అడగడం అదే మొదలు. అమ్మగారు కాఫీ తేవడం మర్చిపోయారు. అంటే విషయం ఎంత గట్టిదో చూడండి.

"ఇవాళ నవమి కదమ్మా" అన్నారు అమ్మగారు చివరికి. "ఇవాళ కుర్రాడు కూడా వద్దు. అల్లుడుగారు మడితో ఉన్నారు. మీరు ఇక్కడి నుంచి చెప్పండి, ఆయన చూస్తారు."

అల్లుడుగారు లోపలికెళ్లారు. తలుపు చేరవేశారు, వేలెడు సందు ఉంచి. మేడమ్‌గారు ఆ సందు దగ్గర నిలబడ్డారు. వైద్యం చేయడానికి వచ్చిన డాక్టరుని వీధిలో నిలబెట్టి, రోగి దగ్గరికి పెళ్లిళ్ల పేరయ్యని పంపినట్టుంది.

"తెర మీద ఏం కనిపిస్తోందండి?"

"గంధం బొట్టండి."

"బొట్టు వెనకాలండి."

"ఏవో ఇంగ్లీషు అక్షరాలండి."

"కదులుతున్నాయా, ఆగిపోయాయా?"

"ఒక గీత ఆరుతోంది, వెలుగుతోందండి."

"అయితే సర్వరు బతికే ఉంది" అన్నారు ఆవిడ మాతో. మళ్లీ సందు వైపు తిరిగి, "వెనక వైపు గాలి వచ్చే చోట ఏమైనా అడ్డం ఉందా అండి?"

"బంతిపూల దండండి."

"తీసెయ్యండి."

"తియ్యొచ్చా అండి అత్తయ్యగారూ?"

అత్తయ్యగారు తల ఊపారు. తల ఊపితే తలుపు వెనకాలవాళ్లకి కనపడదు గనక నేను, "తియ్యొచ్చటండి" అన్నాను. ఆ రోజు నేను చేసిన సాంకేతిక సహాయం అదొక్కటే.

"ఇప్పుడు నల్ల వైరు చివర చిన్న మూత ఉండాలి. ఉందా అండి?"

"ఉందండి. మిలమిల మెరిసిపోతోంది."

మేడమ్‌గారు నా వైపు చూశారు. ఆ మూత నేను ఎన్నోసార్లు చూశాను. వాన మబ్బు రంగులో ఉండేది.

"అది అలా మెరవకూడదే" అన్నాను.

"మురికి పట్టి నల్లగా ఉందని నేనే తీసేనయ్యా" అన్నారు అమ్మగారు. "నిన్న ఇత్తడి సామానంతా తోముతూ, దాన్నీ చింతపండు పెట్టి తోమేను. కుందులతో పాటు కాసేపు నానబెట్టి, మళ్లీ ఎక్కడిదక్కడే తిప్పి పెట్టేసేను. పూజకి మురికిది పనికిరాదు కదండీ."

సర్వరు చారు తాగిందన్నమాట. మూత లోపలికి పులుపు దిగి, అందులో ఉండాల్సిన సన్నటి ముక్క పాడైపోయింది. బయటికి మాత్రం పెళ్లికొడుకులా ఉంది.

మేడమ్‌గారు హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు ఒక మూత అదనంగా తెచ్చుకుని ఒక డబ్బాలో దాచుకున్నారు. అది తీసుకొచ్చి అల్లుడుగారికి అందించబోయారు. ఆయన చెయ్యి చాపలేదు. "అక్కడ పెట్టండి" అన్నారు గడప చూపించి. ఆవిడ వంగి గడప మీద పెట్టారు. ఆయన లోపలి నుంచి పంచపాత్ర తెచ్చి, ఉద్ధరిణెతో నీళ్లు తీసి దాని మీద చల్లబోయారు.

"నీళ్లు చల్లకండి. అదీ పోతుంది" అన్నారు మేడమ్‌గారు. గొంతు పెద్దది చేయలేదు. చల్లితే శుద్ధి అయ్యేది ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు, ఆవిడకి మరీ బాగా తెలుసు. ఆవిడ బాధ మాత్రం మూత గురించే. "ఇంకోటి లేదండి నా దగ్గర."

అల్లుడుగారు ఉద్ధరిణె పట్టుకుని అత్తగారి వైపు చూశారు. అత్తగారు మావగారి వైపు చూశారు. డైరెక్టరుగారు ఇన్‌స్పెక్షను గుర్తు తెచ్చుకుని, "తుడిచి పెట్టెయ్యండి బాబూ" అన్నారు. అల్లుడుగారు ఆ మూతని తన పట్టుపంచె కొంగుతో మూడుసార్లు తుడిచి తీసుకెళ్లి బిగించారు. ఆరు తెరలూ ఒకేసారి లేచాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. అల్లుడుగారు బయటికొచ్చి, చప్పట్లు కొట్టిన వైపు చూసి నవ్వారు.

పండగ మర్నాడు హెడ్డాఫీసు ఆయన వచ్చాడు. నెమ్మదైన మనిషి. దేవుడి గదిలోకి వెళ్లి, సర్వరుకి దణ్ణం పెట్టాలా దేవుడికి పెట్టాలా తెలియక మధ్యలో పెట్టి వచ్చాడు. పిల్లల ప్రోగ్రాములు చూశాడు. అన్నీ నడిచాయి. ముందు వరసలో కూర్చున్న పిల్లని మాటవరసకి అడిగాడు, "సర్వరు ఎప్పుడైనా ఆగిందామ్మా?"

"మొన్ననే ఆగిందండి" అంది ఆ పిల్ల. నిజం చెప్పడం తప్ప ఇంకేమీ నేర్పలేదు మేడమ్‌గారు వాళ్లకి.

"ఎందుకు ఆగింది?"

"మూత కొంచెం శుభ్రం చేసేరండి" అన్నారు డైరెక్టరుగారు.

"శుభ్రమా? దేంతో?"

"చింతపండుతోనండి."

"ఎవరు?"

డైరెక్టరుగారు ఫ్యాను వైపు చూశారు. గుమ్మానికున్న కర్టెను కింద అమ్మగారి పాదాలు కనిపిస్తున్నాయి. తర్వాత నా వైపు చూశారు. నేను ఏమంటానో అని భయం వేసిందేమో చూపు తిప్పుకున్నారు. చివరికి ఆ చూపు ఎప్పుడూ వాలే చోటే వాలింది.

"మా మేడమ్‌గారేనండి. పాపం, పండగ కదా అని శ్రద్ధగా" అన్నారు ఎంతో దయగా.

"నేను కనిపెట్టి మార్చేనండి" అన్నారు అల్లుడుగారు.

మేడమ్‌గారు ఇద్దరినీ చూసి, హెడ్డాఫీసు ఆయనతో అన్నారు. "ఆ మూత నేను ముట్టుకోలేదండి. అసలా గదిలోకి నేనెప్పుడూ వెళ్లలేదు."

"ఎప్పుడూ అంటే?"

"ఎప్పుడూనండి."

"సర్వరుని ఎన్నడూ చూడనేలేదా మీరు?"

"లేదండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మరి దేనికమ్మా ఇన్‌చార్జి?"

ఆవిడకి ఉన్న రక్షణ అదొక్కటే. దాన్ని చేతిలోంచి తీసుకుని, దాంతోనే కొట్టాడు, కోపం లేకుండా.

"ఎందుకు వెళ్లలేదు?" అన్నాడు మళ్లీ.

ఆ కారణం అందరి నోళ్లలోనూ ఉంది, బయట పెడితే ఇంటి మర్యాద పోతుంది.

"దేవుళ్లు ఒప్పుకోలేదండి" అన్నాను నేను.

అందరూ నవ్వారు. డైరెక్టరుగారు మరీ గట్టిగా నవ్వారు. హెడ్డాఫీసు ఆయన కళ్లద్దాలు పెట్టుకుంటూ, "ఈ కుర్రాడు భలేవాడండి" అన్నాడు. నేను చెప్పిన ఒకే ఒక్క నిజం ఆ ఏడాది నా జోకులన్నిటికంటే బాగా పేలింది.

వెళ్తూ వెళ్తూ చెప్పాడు: అంతా బాగుంది, ఇన్‌స్టిట్యూట్ నడుపుకోండి, కాకపోతే సర్వరు దగ్గరికి వెళ్లే మనిషిని ఇన్‌చార్జిగా పెట్టుకోండి. అందులో తప్పు పట్టడానికి ఏముంది?

సాయంత్రం డైరెక్టరుగారు మేడమ్‌గారిని కూర్చోబెట్టి మాట్లాడారు. "కొన్నాళ్లు రెస్టు తీసుకోండమ్మా. నేను కబురు చేస్తాను. మీ తాతగారి రోజుల నుంచీ మన మధ్య ఎప్పుడూ మాట రాలేదు." ఆవిడ "ఆయ్" అన్నారు. అవతల ల్యాబ్‌లో పిల్లలు ఎవరి తెరలోకి వాళ్లు చూసుకుంటున్నారు. సర్వరు పనిచేస్తోంది మరి. అల్లుడుగారు కుర్చీ ఎత్తు సరిచేసుకుంటున్నారు.

ఆదివారం కూటం ఉండదనుకున్నాను. అయినా ముక్తేశ్వరం వెళ్లాను. ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి వేసి ఉంది. స్కూలు బెంచీలు తెచ్చి వేశారు. పెరట్లో కోడికూర ఉడుకుతోంది. మేష్టారు ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చి, "రండి బాబూ. నా చేతులు అతనే నాన్నగారూ అంటూ ఉంటుంది మా అమ్మాయి" అని నా రెండు చేతులూ పట్టుకున్నారు.

మేడమ్‌గారు మంచినీళ్లు తెచ్చారు. "చెప్పలేదా అండి?" అన్నాను మెల్లగా.

"పాస్టరుగారు వచ్చి కూర్చున్నాక ఏం చెప్తానండి."

"రాకముందు?"

"అప్పటికే కోళ్లు కోసేసేరు."

పాటలయ్యాయి. పాస్టరుగారు ప్రార్థన చేశారు. మా ఊరి బిడ్డని ఉన్నతమైన స్థానంలో నిలబెట్టినందుకు నీకు స్తోత్రం ప్రభువా అన్నారు. ఆవిడ తల మీద ముసుగు సర్దుకుని కళ్లు మూసుకున్నారు. తర్వాత ఆయన నా వైపు తిరిగి, "అమ్మాయితో కలిసి పనిచేసిన తమ్ముడు రెండు మాటలు సాక్ష్యం చెప్తాడు" అన్నారు.

లేచాను. చింతపండు సంగతి చెప్పాను. మీటరు సంగతి, తలుపు సందు సంగతి, గంధం బొట్టు సంగతి చెప్పాను. జనం కడుపు పట్టుకుని నవ్వారు. మేష్టారు కళ్లు తుడుచుకున్నారు. "ఆవిడ లేకపోతే ఆ సర్వరు ఇప్పటికీ పలికేది కాదండి" అన్నాను. "ఆమెన్" అన్నారంతా. కూర్చున్నాను.

అప్పుడు మేడమ్‌గారు లేచారు.

"తరవాతది కూడా చెప్పాలి కదండి" అన్నారు. పాఠం చెప్పే గొంతే. "నన్ను తీసేసేరు. సర్వరున్న గదిలోకి వెళ్లని మనిషి ఇన్‌చార్జిగా పనికిరాదన్నారు. వెళ్లనివ్వనివాళ్లు పక్కనే నిలబడి ఔనన్నారు."

మేష్టారి మొహం మీద నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచుకున్నారు. "ఎప్పుడమ్మా?"

"పండగ మర్నాడు నాన్నగారూ."

పెరట్లోంచి వంటాయన గరిటెతో వచ్చి, జనం వైపు ఒకసారి చూసి, "మేష్టారూ, వడ్డించెయ్యమంటారా అండి? కూర చల్లారిపోతోంది" అన్నాడు.

"ఆయ్, వడ్డించండి" అన్నారు మేష్టారు.

భోజనాల ముందు పాస్టరుగారు మళ్లీ ప్రార్థన చేశారు. పాత ప్రార్థనే. నిలబెట్టినందుకు అన్నచోట నిలబెట్టబోతున్నందుకు అన్నారు, అంతే. అందరూ ఆమెన్ అని విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఆకలి వేళ దాటిపోయింది గనక బాగానే తిన్నారు.

మేడమ్‌గారు వడ్డిస్తూ నా దగ్గర ఆగారు. "ఇంకో రెండు ముక్కలు వేసుకోండి. రేపు మీరు డ్యూటీకి వెళ్లాలి కదా."

వేసుకున్నాను. కూర బాగా కుదిరింది.